టికాల్

టికాల్ ఉత్తర గ్వాటెమాలాలోని పెటేన్ ప్రాంతపు వర్షారణ్యంలో ఉన్న ప్రాచీన మాయా నగరం. దీని చుట్టూ 576 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనం ఉంది. 1979లో యునెస్కో దీన్ని సాంస్కృతిక, ప్రాకృతిక విలువలు రెండూ ఉన్న ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చరిత్ర: సా.శ. 682లో గద్దెనెక్కిన హసావ్ చాన్ కవీల్ 695లో ప్రత్యర్థి రాజ్యమైన కలక్‌ముల్‌ను ఓడించి టికాల్‌కు పూర్వ వైభవం తెచ్చాడు. సుమారు 47 మీటర్ల ఎత్తున్న మొదటి ఆలయం కింద అతని సమాధి బయటపడింది. దగ్గరలో నది లేని ఈ నగరం గచ్చు చేసిన ఆవరణల మీద పడిన వాననీటిని జలాశయాల్లోకి మళ్లించి వేలాది మంది ప్రజల దాహం తీర్చింది. మాయా ఇంజనీర్ల ప్రతిభకు ఇంతకంటే గొప్ప నిదర్శనం అక్కరలేదు. ఇక్కడ దొరికిన శిలాఫలకాల్లో ఆఖరి తేదీ 869 నాటిది. తర్వాత నగరం క్రమంగా నిర్జనమైంది. 1956లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం విస్తృత తవ్వకాలు ప్రారంభించింది.

సందర్శన, వసతి: సమీప పట్టణం ఫ్లోరెస్ నుంచి రోడ్డు మార్గం ఉంది. ఉద్యానవనంలోనే కొన్ని అటవీ విడిదులు ఉన్నాయి. వాటిలో బస చేసినవారికి వేకువన హౌలర్ కోతుల అరుపులు, టూకాన్ పక్షుల సందడి వినిపిస్తాయి. సుమారు 65 మీటర్ల నాలుగో ఆలయానికి ఆనించిన మెట్లెక్కితే అడవి పైకప్పును దాటి నిలిచిన ఆలయ శిఖరాలు కనిపిస్తాయి. వానలు తక్కువగా ఉండే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సందర్శనకు అనువైన కాలం. దోమల మందు, తాగునీరు, గట్టి బూట్లు తప్పనిసరి.