తెరపై వైద్యుడు, పక్కన తెలిసిన మనిషి: తెలుగు పల్లెల్లో దూరవైద్యం

పాత నల్గొండ జిల్లాలోని పాలకీడు ప్రాంతంలో రోగం నయం చేసుకోవడమంటే మనిషి స్వయంగా బయలుదేరి వెళ్లడమే అన్న అలవాటు చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. 2016లో సూర్యాపేట జిల్లాతో పాటే కొత్త మండలంగా ఏర్పడిన ఈ ప్రాంతంలోనే జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో జరిగే ఉర్సుకు, అంటే సమాధి చెందిన మహనీయుల స్మారకోత్సవానికి, హిందువులూ ముస్లింలూ కలిసి వచ్చి ఆరోగ్యం కోసం, సంతానం కోసం మొక్కుకుంటారు; మొక్కు తీరాక కందూరు చేస్తారు, అంటే మేకపోతును కోసి వండి ఫాతిహా ప్రార్థన చదివించి బంధుమిత్రులకు వడ్డిస్తారు; పుట్టిన బిడ్డకు సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకుంటారు. వైద్యానికీ ఇదే నడక. ఊరి జనం ఆరెంపీ డాక్టరని పిలుచుకునే పట్టా లేని వైద్యుడు చెయ్యి పట్టి చూసి సూది వేస్తాడు. తగ్గకపోతే హుజూర్‌నగర్‌కో మిర్యాలగూడకో, జబ్బు ముదిరితే హైదరాబాదుకో పోవాలి, పోయిన రోజు కూలీ పోయినట్టే. ఒంటిమీద చెయ్యి వేయకుండా తెరమీద నుంచి చూసే వైద్యుణ్ణి ఇటువంటి పల్లెల రోగులు ఎట్లా ఒప్పుకున్నారన్నది చరిత్రకారులు పట్టించుకోవలసిన ప్రశ్న.

ఆ దూరవైద్యం తెలుగునేల మీద చిత్తూరు జిల్లా అరగొండలో అడుగుపెట్టింది. అపోలో ఆసుపత్రుల స్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమైన ఆ ఊరి చిన్న ఆసుపత్రిని వీశాట్ ద్వారా, అంటే చిన్న డిష్ యాంటెనాతో ఉపగ్రహం మీదుగా సమాచారం పంపే ఏర్పాటు ద్వారా, నగరంలోని నిపుణులతో కలిపారు. 2000 మార్చి 24న హైదరాబాదుకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు. అక్కడ రోగి తెరముందు ఒంటరిగా కూర్చోలేదు. పక్కన స్థానిక వైద్యుడో నర్సో ఉండి, పరీక్షల ఫలితాలను అవతలి నిపుణుడికి చూపేవారు. తరువాతి ఇరవై ఏళ్లలో నిలబడిన చాలా ప్రయోగాల్లో ఈ అమరికే కనిపిస్తుంది.

గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఇదే సూత్రాన్ని మరింత లోతుగా పట్టుకుంది. అది పల్లెలకు చేరువగా నెలకొల్పిన దృష్టి కేంద్రాల్లో కూర్చునేది పెద్ద డాక్టరు కాదు; ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచే ఎంపికై శిక్షణ పొందిన యువతీయువకులు. వాళ్లు కన్ను పరీక్షించి, కళ్లద్దాలు రాసి, అనుమానం ఉంటే చిత్రాన్ని దూరాన ఉన్న నిపుణుడికి పంపుతారు. అవ్వ తన భాషలో, తన యాసలో మాట్లాడే పిల్లకు కన్ను చూపించుకుంటుంది; తెర ఆ తరువాతి సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 104 ఆరోగ్య సలహా ఫోను కూడా, ముఖం కనిపించకపోయినా, తెలుగులో ఓపికగా వినే గొంతుతో దూరం నుంచి సలహా అందుకోవడాన్ని జనానికి అలవాటు చేసింది.

కరోనా కాలం ఈ నెమ్మది మార్పును ఒక్కసారిగా తరిమింది. దూరవైద్యానికి దేశవ్యాప్త మార్గదర్శకాలు 2020 మార్చి 25న వెలువడ్డాయి. రోగే ఫోను చేస్తే అది అతని సమ్మతిగానే లెక్క అనీ, కొన్ని మందులను మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాలనీ, మత్తు కలిగించే మందులను ఈ పద్ధతిలో రాయనే కూడదనీ అవి నిర్దేశించాయి. కేంద్రం నడిపే ఈ-సంజీవని సేవ 2023 ఫిబ్రవరిలో పది కోట్ల సంప్రదింపులు దాటినప్పుడు, వాటిలో దాదాపు 3.17 కోట్లతో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది, తెలంగాణ వాటా 45 లక్షలు మించింది, సేవ పొందినవారిలో 57 శాతానికి పైగా స్త్రీలు. అయితే ఈ అంకెలను చూసి పల్లెజనం ఇంట్లోనే ఫోను తెరిచి డాక్టరుతో మాట్లాడుతున్నారని అనుకుంటే పొరపాటే. వీటిలో అత్యధిక భాగం ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది పక్కన ఉండగా జరిగినవి. రోగి ఇంటినుంచి నేరుగా పిలిచినవి స్వల్పం.

కాబట్టి వీడియో వైద్యానికి రోగులు సుముఖులా విముఖులా అని అడగడం వల్ల తేలేది తక్కువ. బీపీ చూసే చెయ్యి, రాసిన మందును అక్కడే ఇచ్చే మనిషి ఉన్నచోట జనం తెరముందు కూర్చున్నారు. అవి లేనిచోట ఆరెంపీ దగ్గరికో మిర్యాలగూడ బస్సుకో నడిచారు, అది వారి అజ్ఞానం కాదు. పాలకీడు వంటి మండలాల్లో ఈ సేవను విస్తరించాలనుకునే ప్రభుత్వం ముందుగా ఆరోగ్య ఉపకేంద్రాల్లో నర్సుల (ఏఎన్ఎం) పోస్టులు ఖాళీగా లేకుండా చూడాలి, ఆ తరువాతే తెరలు కొనాలి.