మేస్త్రీ నుంచి ఏజెంటు దాకా

రంగం పోయిన కూలీల కథ మన చరిత్ర పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకు మించదు. రంగం అంటే రంగూన్ అని ఉత్తర కోస్తా పల్లెల్లో ముసలోళ్ళకి తెలుసు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కిన మాల మాదిగలు, భూమిలేని ఇతర కులాల కూలీల వెనక ఒక మేస్త్రీ ఉండేవాడు. ఓడ చార్జీ, ఇంటికాడ బాకీ తీర్చే బయానా వాడే ఇచ్చేవాడు. అది తీరేదాకా కూలి డబ్బు వాడి చేతిమీదుగానే రావాలి. 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే కాబట్టి 1922 వలస చట్టం వాడి జోలికి పోలేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మెకట్టారు. కంపెనీలు బర్మీయుల్ని పనిలోకి దింపి, సమ్మె ముగిశాక వెళ్ళగొట్టాయి. ఆ తగాదాలో చచ్చింది కూలీలే.

ఇప్పుడు మేస్త్రీ జాగాలో గల్ఫ్ ఏజెంటు ఉన్నాడు. అప్పు అదే, దారి మాత్రం దొంగదారయింది. ఎందుకయింది? 1983 వలస చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ళు గల్ఫ్ పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. బడికి దూరమయిందెవరో వేరే చెప్పాలా? ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకయితే 30 ఏళ్ళు నిండాలి. రక్షణ కోసమేనట! కోనసీమలోనో, రాయచోటి వైపో 25 ఏళ్ళ తల్లి బాకీ అయిదేళ్ళు ఆగుతుందా? ఏజెంటు వయసు మార్చిన కాగితంతోనో, విజిట్ వీసా మీదో ఎక్కించేస్తాడు. దిగాక ఆమె పాస్‌పోర్టు యజమాని బీరువాలో. కొట్టినా, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేస్తే ముందు బయటపడేది తన దొంగ కాగితమే. ఏజెంటు ధైర్యమంతా ఇక్కడుంది.

అందుకే నిషేధం బిగిస్తే ఏజెంటు రేటు పెరుగుతుందని మేం అంటున్నాం. ఆ వయసు నిబంధన ఎత్తెయ్యాలి. ఫిర్యాదు చేసిన మనిషి మీద కాగితాల కేసు పెట్టకూడదు. రిజిస్టరయిన ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ; ఈ ముక్క వాడల్లో దండోరా వెయ్యాలి. ప్రయాణపు ఖర్చు ఎస్సీ కార్పొరేషన్ అప్పుగా ఇస్తే వడ్డీవ్యాపారి, ఏజెంటు ఇద్దరి పట్టూ సడలుతుంది. ఓమ్‌క్యాప్, టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలున్నాయి, వాటి మనుషులు మండలానికొచ్చి కూచోవాలి. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు, వారానికో సెలవివ్వాలి. ఆ చట్టాన్ని తెలుగులో అచ్చేసి, విమానం ఎక్కకముందే ఆమెకు చదివి వినిపించి చేతిలో పెట్టాలి.