కూపరేజిలో మన పద్దు

బొంబాయి తెలుగువారి చరిత్ర అనగానే మనం కామాఠీపురా దగ్గర మొదలుపెడతాం. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్లెత్తిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది. ఆ తరువాత నేతపనివారు మిల్లులకు వచ్చారు. ఈ కథ మన సభల్లో తరచు వినేదే. కాని అదే రాజధాని నుంచి వచ్చిన ఒక ఫుట్‌బాల్ జట్టు ఇక్కడ ఏమి సాధించిందో మనవాళ్లు చెప్పుకోగా నేను వినలేదు.

కామాఠీపురాకు దక్షిణాన, ఓవల్ మైదానం దాటాక కూపరేజ్ మైదానం ఉంది. ఒకప్పుడు పీపాలు తయారుచేసిన చోటు కనుక ఆ పేరు. 1891లో మొదలైన రోవర్స్ కప్పుకు అది చిరకాలం వేదిక. తొలి దశాబ్దాలలో ఆ కప్పు బ్రిటిష్ పటాలాల సొత్తు. 1937లో గాని ఒక భారతీయ జట్టుకు, బెంగుళూరు ముస్లిమ్స్‌కు, అది దక్కలేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లూ దానిని గెలుచుకున్నది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. వారి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు గెలిచింది; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో రహీమ్ కన్నుమూశారు.

1956 నవంబరు 1తో హైదరాబాద్ రాష్ట్రం పటం మీద లేకుండా పోయింది. 2000-01 తరువాత రోవర్స్ కప్పూ ఆగిపోయింది.

జర్మనీలో మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే ఊరుంది. మన షోలాపూర్ లాగే బట్టల మిల్లులతో పెరిగిన ఊరు. అక్కడి బోరుస్సియా జట్టు 1970-77 మధ్య అయిదుసార్లు జాతీయ విజేత. ఆ జట్టు ఆడిన బ్యోకెల్‌బెర్గ్ స్టేడియంలో 2004లో చివరి లీగు ఆట జరిగింది. ఆపైన దానిని పడగొట్టి ఇళ్లు కట్టారు. అయినా జనం నిలబడి ఆట చూసిన మెట్ల వాలును మాత్రం చెరిపివేయలేదు. అక్కడ మైదానం పోయినా గుర్తు మిగిలింది. ఇక్కడ మైదానం ఉన్నా మనకు గుర్తు లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. ఆ ఆటగాళ్లలో చాలామంది ఉర్దూ మాట్లాడేవారు. అందుకే మన లెక్కలో పడలేదు. కాని కామాఠీ అన్న మాట మాత్రం భాష పేరా? అది పనిని చెప్పే మాట. భాష ఒక్కటే కొలత అనుకుంటే మన ఊరివాడే మనకు పరాయివాడవుతాడు. ఈ నగరంలో అల్పసంఖ్యాకులుగా బతుకుతున్న మనకు ఆ బాధ తెలియనిది కాదు.

చాళ్లు ఒక్కొక్కటిగా పోయి పెద్ద భవనాలు లేస్తున్న కాలమిది. మన సంఘాలు చరిత్ర రాసుకునేటప్పుడు కూపరేజికి ఒక పుట కేటాయించాలి. చిట్టాలో రాయనిది ఆవర్జాలోకి ఎక్కదని లెక్కలు రాసేవారందరికీ తెలుసు.