అక్షరానికి అంకె: కంప్యూటరులో తెలుగు లిపి చరిత్ర

తాటాకు నుంచి అచ్చుకు వచ్చినప్పుడు తెలుగు అక్షరాల ఆకారంలో కొన్ని మార్పులు వచ్చాయి. అచ్చు నుంచి కంప్యూటరుకు వచ్చినప్పటి మార్పు వేరే రకమైనది. అక్కడ అక్షరానికి ఆకారం కన్నా ముందు అంకె కావాలి. ఆ అంకె అందరికీ తెలిసి ఉండాలా, ఒక్క సంస్థకే తెలిస్తే చాలునా? తెలుగు కంప్యూటరు వాడకం చరిత్ర చాలావరకు ఈ ప్రశ్న చుట్టూ నడిచింది. తెలుగునేలకు వెలుపల తెలుగు చదివే విద్యార్థులకు ఈ చరిత్రతో సంబంధం మరీ ఎక్కువని మేము భావిస్తున్నాము.

1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పట్టికలో ఉన్న స్థానాలు 128. రోమన్ అక్షరాలతో, అంకెలతో, విరామ చిహ్నాలతో, యంత్రపు ఆదేశాలతో అవి నిండిపోయాయి. భారతీయ లిపులకు చోటు కల్పించడానికి మన ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపుల వర్ణక్రమం దాదాపు ఒకటే కనుక, ఏ లిపిలోని ‘క’కైనా ఒకే అంకె అన్నది దాని సూత్రం.

అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ లిపులకు ఉమ్మడి పట్టికగా యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. భారతీయ లిపుల అమరికను అది 1988 నాటి ఇస్కీ నుంచి తీసుకొని, ఒక్కొక్క లిపికి విడిగా 128 స్థానాలు కేటాయించింది. ఫలితంగా ఒడియా ‘క’ సంఖ్య 2837, తమిళ ‘క’ 2965, తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221 అయ్యాయి. వరుసగా తేడా సరిగ్గా 128. ఇంట్లో తెలుగు, బడిలో మరో లిపి నేర్చిన మన విద్యార్థులు ఎరిగిన చుట్టరికమే ఆ పట్టికలో లెక్కగా కనబడుతుంది.

పట్టిక వచ్చినా వాడకం వెంటనే రాలేదు. గుణింతాలను, ఒత్తులను కూర్చి చూపే శక్తి ఆనాటి సామాన్య యంత్రాలకు లేదు. అందువల్ల పత్రికలు, ప్రచురణకర్తలు వేరే దారి పట్టారు. రోమన్ అక్షరాల స్థానాలలో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను పెట్టి ఎవరికి వారు ఫాంటులు చేయించుకొన్నారు. ఏ ముక్క ఏ స్థానంలో ఉందన్నది ఒక ఫాంటుకూ మరో ఫాంటుకూ కలిసేది కాదు. కాగితం మీద అచ్చు వేసుకొన్నంత కాలం ఇబ్బంది తెలియలేదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చాక చిక్కు బయటపడింది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగు పుట అర్థం లేని రోమన్ అక్షరాల గుంపుగా కనబడేది. కావలసిన మాటను వెతకడానికి గాని, మాటలను అకారాదిగా పేర్చడానికి గాని వీలుండేది కాదు. ఫాంటు మూలపడితే దానితో కూర్చిన గ్రంథమూ మూలపడేది.

దీనికి భిన్నమైన ప్రయత్నం దూరదేశంలో జరిగింది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు 1990ల మొదట్లో ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. తెలుగును మామూలు రోమన్ కీబోర్డు మీద నిర్దుష్టంగా రాసి, తిరిగి తెలుగు లిపిలోకి మార్చుకొనే ఏర్పాటు ఇది. నియమాలు బహిరంగం కనుక ఎవరైనా నేర్వగలిగారు. తరవాత వచ్చిన ‘లేఖిని’ వంటి సాధనాలకు అదే ఆధారమైంది. స్వస్థలానికి దూరంగా ఉన్నవారి అవసరంలోంచి ఈ పని పుట్టిందని మన పాఠకులు గమనించాలి.

విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి చోటు దొరికింది గాని తెలుగుకు దొరకలేదు. 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో ఆ లోటు తీరింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంటులను ఉచితంగా అందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పత్రికల సొంత ఫాంటులలోని రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే సాధనమూ వచ్చింది. పట్టిక మొదటినుంచీ ఒకటే అయి ఉంటే ఈ చివరి శ్రమ అవసరమే ఉండేది కాదు.

బహిరంగమైన పట్టికను సరిదిద్దుకోవచ్చు. 2008లో దంత్యోచ్చారణను సూచించే ౘ, ౙ లు, పూర్వపు భిన్నాంకాల గుర్తులు చేరాయి. తొలి తెలుగు శాసనాలలో కనిపించి, తమిళంలో నేటికీ నిలిచి ఉన్న ధ్వనికి గుర్తయిన ఴ 2014లో చేరింది. ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. వచ్చిన పత్రాలను ఎవరైనా చదవవచ్చు. అయితే ఓటు రుసుము చెల్లించే సభ్యులదే. వారిలో పెద్ద కంపెనీలు ఉన్నాయి. కనుక పట్టిక బహిరంగమైనంత మాత్రాన దానిమీద అధికారం అందరికీ సమానమని అనుకోరాదు.

నేడు లిపికి భద్రత కలిగింది గాని, సమస్య మరో రూపంలో నిలిచే ఉంది. మన రాతలో పెద్ద భాగం ఫోనులలో, కంపెనీల సేవల లోపల ఉండిపోతున్నది. మాటను విని రాసే యంత్రాలు, భాషా నమూనాలు తమకు దొరికిన రాత నుంచి, ధ్వని నుంచి మాత్రమే నేర్చుకొంటాయి. మదుర తెలుగు, హోసూరు తెలుగు, బరంపురం తెలుగు, షోలాపురం తెలుగు, యానాం తెలుగు వాటికి అందకపోతే, అవి నేర్చే తెలుగులో మన నుడికి చోటుండదు.

కనుక క్షేత్రకార్యానికి వెళ్ళే విద్యార్థులు సేకరించిన పాటను, సామెతను యూనికోడ్‌లోనే రాయాలి. ధ్వనిని ఏ యంత్రమైనా చదవగల రూపంలో దాచాలి. ఊరు, సంవత్సరం నమోదు చేసి, చెప్పినవారి అనుమతితోనే పదిమందికి అందించాలి. 1990లలో సొంత ఫాంటులతో కూర్చిన సిద్ధాంత గ్రంథాలు, సంచికలు మీ ఊళ్ళలో ఉంటే, వాటిని తెరవగల యంత్రం దొరికినప్పుడే యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ ఫాంటుల కిటుకు తెలిసినవారు మన మధ్య ఉండగానే ఈ పని జరగడం మంచిది.