పుట్టుకతో వచ్చిన కుర్చీ

మదనపల్లె అనగానే మనకు టమోటా మార్కెట్, బి.టి. కాలేజీ, జిడ్డు కృష్ణమూర్తి గుర్తుకొస్తారు. 1895లో ఇక్కడ పుట్టిన కృష్ణమూర్తి 1911లో తమ్ముడు నిత్యానందతో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ వారిని ఆదరించినవారిలో మ్యూరియల్ అనే దొరసాని ఒకరు. ఈమె డి లా వార్ వంశపు కోడలు. నేను చెప్పబోయేది ఆమె కొడుకు హెర్‌బ్రాండ్ సంగతి.

1915లో యుద్ధసేవలో ఉండగా తండ్రి చనిపోయాడు. పదిహేనేళ్ళ పిల్లవాడు తొమ్మిదవ ఎర్ల్ అయ్యాడు. అంటే ఇరవై ఒకటి నిండగానే బ్రిటిష్ పార్లమెంటు ప్రభువుల సభలో కుర్చీ సిద్ధం. ఓటు అడగనక్కరలేదు, ఊరూరా తిరగనక్కరలేదు. ఏశావు ఒక్క పూట కూటికి అమ్ముకున్న జ్యేష్ఠత్వం లాంటిదే ఇది, కాకపోతే దీన్ని ఎవరికీ అమ్మడానికి వీల్లేదు!

చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోక, బడి వదలగానే పోరాటంతో పని లేని సేవకని నౌకాదళపు చేపల పడవల విభాగంలో చేరాడు. తర్వాత కూలివారి పక్షమైన లేబర్ పార్టీలో చేరాడు. వంశపారంపర్య ప్రభువుల్లో ఆ పని చేసిన మొదటివాడు ఆయనే. 1924లో ఏర్పడిన తొలి లేబర్ ప్రభుత్వంలో ఇరవై మూడేళ్ళకే పదవి వచ్చింది.

1931లో ప్రధాని మెక్‌డొనాల్డ్ తన పార్టీని వదిలి ప్రత్యర్థులతో కలిసి ప్రభుత్వం చేశాడు. పార్టీ ఆయనను వెలివేసింది. డి లా వార్ మాత్రం ఆయన వెంటే నడిచాడు. కామన్స్ సభ్యులు ఆ ఏడాదే ఓటర్ల ముందు నిలబడాల్సి వచ్చింది. ఈయనను అడిగేవారు లేరు. మన ఊళ్ళో పార్టీ మారిన నాయకుణ్ణి రచ్చబండ దగ్గరైనా నాలుగు మాటలంటాం కదా!

1938లో విద్యాశాఖ ఆయన చేతికొచ్చింది. పిల్లలు పద్నాలుగేళ్ళకే బడి మానుకునే కాలమది. దాన్ని పదిహేనుకు పెంచే చట్టం 1936లోనే అయింది, 1939 సెప్టెంబరు 1న అమలు కావాలి. సరిగ్గా ఆ రోజే హిట్లర్ సేనలు పోలండులోకి దిగాయి. బడి వయస్సు పెంచడం ఆగిపోయింది, లండను పిల్లలను రైళ్ళెక్కించి పల్లెలకు పంపడం మొదలైంది. ఆ పదిహేనేళ్ళ నియమం 1947కి గానీ రాలేదు. ఆ పేద పిల్లలు పోగొట్టుకున్న ఏళ్ళే నన్ను ఎక్కువ బాధిస్తాయి.

లేబర్‌తో మొదలైనవాడు చివరికి 1951 నుండి 1955 దాకా చర్చిల్ కన్సర్వేటివ్ ప్రభుత్వంలో తపాలా మంత్రి. 1976లో కన్నుమూశాడు.

ఆయన తల్లి ఆదరించిన మన మదనపల్లె యువకుడికి కూడా ఇతరులు ఒక పీఠం సిద్ధం చేశారు, జగద్గురువని. 1929 ఆగస్టులో, హాలండులోని ఓమెన్‌లో వేలమంది ఎదుట, కృష్ణమూర్తి ఆ సంఘాన్నే రద్దుచేసి లేచి వెళ్ళిపోయారు. అదే ఏడాది డి లా వార్ రెండవ లేబర్ ప్రభుత్వంలో మళ్ళీ పదవిలో కూర్చున్నాడు.