ఇంటి వెబ్ సర్వరు

ఇంటి వెబ్ సర్వరు అనగా ఒక వ్యక్తి తన ఇంటిలోని చిన్న కంప్యూటరును అంతర్జాలానికి కలిపి, దానిపై తన వెబ్ సైటును స్వయంగా నడుపుకొనే ఏర్పాటు. దీనిని ఎక్కువగా అభిరుచిగా, నేర్చుకొనుటకు నెలకొల్పుతారు. నిర్మాణానికి ఒక పూట చాలు గానీ, సురక్షితంగా నిలుపుటకు నిరంతర శ్రద్ధ అవసరం.

చరిత్ర

మొట్టమొదటి వెబ్ సర్వరు కూడా బల్లపై ఉంచే కంప్యూటరే. 1990లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా సంస్థలో నెక్స్ట్ కంప్యూటరుపై దీనిని నడిపాడు. ఎవరూ ఆపివేయకుండా దానికి హెచ్చరిక చీటీ అంటించి ఉండేది. 1991లో లినక్సు, 1995లో అపాచీ సర్వరు వెలువడడంతో సాధారణ కంప్యూటరుపై ఖర్చు లేకుండా సర్వరు నడపడం సాధ్యమైంది. 2012లో అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు వచ్చాక ఈ అభిరుచి మరింత వ్యాపించింది.

నిర్మాణం

కంప్యూటరులో లినక్సును, వెబ్ సర్వరు ప్రోగ్రామును స్థాపించి, 80, 443 పోర్టులకు వచ్చే అభ్యర్థనలు దానికి చేరేలా రౌటరును అమర్చాలి. కొన్ని అంతర్జాల సేవాసంస్థలు ఒకే ఐపీ చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతాయి. అటువంటి చోట బయటివారు సర్వరును నేరుగా చేరలేరు.

భద్రత

చిన్న సైటును ఎవరూ పట్టించుకోరనుకోవడం సరికాదు. దాడిచేసే ప్రోగ్రాములు సైటు పేరును చూడవు. చిరునామాలన్నిటినీ వరుసగా తడుముతాయి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, కర్మాగారంలో పెట్టిన సంకేతపదాలను మార్చని కెమెరాలను, రౌటర్లను పెద్దసంఖ్యలో వశపరచుకుంది. రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టమ్‌లో అందరికీ తెలిసిన తొలి వాడుకరిపేరును 2022లో తొలగించారు. ముఖ్యమైన జాగ్రత్తలు ఇవి:

* అవసరమైన పోర్టులను మాత్రమే తెరచి ఉంచడం.
* దూరం నుండి ప్రవేశించుటకు సంకేతపదానికి బదులు ఎస్ఎస్‌హెచ్ తాళంచెవిని వాడడం.
* సర్వరును ఇంటిలోని ఇతర కంప్యూటర్ల నుండి వేరుచేయడం. లేనిచో సర్వరులో చొరబడినవారు వాటినీ చేరగలరు.
* సమాచారాన్ని గుప్తీకరించి పంపడం. ఇందుకు కావలసిన ధ్రువపత్రాలను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుండి ఉచితంగా ఇస్తున్నది.

నిర్వహణ

2001 జూలైలో కోడ్ రెడ్ అనే పురుగు మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్లలోని లోపం ద్వారా ఒక్కరోజులోనే మూడున్నర లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. ఆ లోపానికి సవరణ అంతకు నెల ముందే, జూన్‌లో విడుదలైంది, వేసుకోనివారే నష్టపోయారు. అందుచేత సవరణలు వాటంతటవే స్థాపితమయ్యేలా అమర్చుకోవడం మేలు. సైటు నకలును వేరొకచోట భద్రపరచి, దాని నుండి సైటును తిరిగి నిలపగలమో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. సర్వరులో ఎవరైనా చొరబడినట్లు తేలితే వెంటనే అంతర్జాలం నుండి తప్పించి, అన్నిటినీ మొదటినుండి స్థాపించాలి. నిర్వహించే తీరిక లేనప్పుడు సర్వరును ఆపివేయడమే క్షేమం.