చక్రాల మీద కాపురం



“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. కట్టిన ఇల్లు ఉన్నచోటే ఉంటుందన్న ధీమాతో అన్న మాట అది. కాని ఉన్న ఇల్లు అమ్మేసి, ఎవరో వాడిన బండి ఇల్లొకటి కొనుక్కుని, దాన్ని ట్రక్కు వెనక తగిలించుకుని, ఏడాది పొడుగునా అందులోనే కాపురం చేసేవాళ్ళు అమెరికాలో ఎంతోమంది ఉన్నారు. వాటిని వాళ్ళు ట్రైలర్లనీ, ఆర్‌.వి.లనీ అంటారు. “ఆ గొడవ మనకెందుకమ్మా?” అంటారేమో! వంటింట్లో ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అని ఒక్కసారైనా తల పట్టుకున్న ఇల్లాలికి ఈ చరిత్ర పరాయిది కాదు. చిత్తగించండి.

అసలు ఈ కథ మొదలైందే వంటిల్లు దగ్గర. 1920ల్లో వాలీ బయమ్ అనే ఆయన భార్య మేరియన్‌ని తీసుకుని ఊరి బయట గుడారం వేసుకుని గడిపి వద్దామనుకున్నాడు. వంటిల్లు లేకుండా నేను రానందిట ఆవిడ. సరే, ఏం చేస్తాడు? ఫోర్డు కారు అడుగుభాగం ఒకటి తెచ్చి, దాని మీద చిన్న ఇల్లు కట్టాడు. ఆ తర్వాత ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టింది ఈయనే. 1936లో ఆ కంపెనీ తెచ్చిన ‘క్లిప్పర్’ వెండి గుండులా మెరిసే అల్యూమినియం బండి. నలుగురు పడుకోవచ్చు, నీళ్ళ ఏర్పాటుంది, కరెంటు దీపాలున్నాయి. ధర మాత్రం 1,200 డాలర్లు. ఆ రోజుల్లో అందులో సగం డబ్బుకే కొత్త ఫోర్డు కారు వచ్చేది మరి!

ఇంకో పెద్దమనిషి ఆర్థర్ షెర్మన్. డెట్రాయిట్‌లో ఉండే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. గుడారం బండి కొనుక్కుని పెళ్ళాం పిల్లలతో బయల్దేరితే దారిలో వాన ముంచెత్తింది. ఆ గుడారం విప్పి నిలబెట్టేలోపల అందరూ తడిసి ముద్దయ్యారు. ఆ విసుగులో ఆయన గట్టి గోడలున్న పెట్టెలాంటి బండి చేయించాడు. పిల్లలు దానికి ‘కవర్డ్ వాగన్’ అని పేరు పెట్టారు, అంటే గూడు బండి అన్నమాట. 1930 డెట్రాయిట్ మోటారు ప్రదర్శనలో పెడితే జనం ఎగబడ్డారు. 1936 నాటికి ట్రైలర్లు చేసే కంపెనీలన్నిటిలోకీ ఆయనదే పెద్దది.

అప్పటికి అమెరికాలో ఆర్థిక మాంద్యం. ఉద్యోగాలు పోయినవాళ్ళు, ఇంటి అప్పు తీర్చలేనివాళ్ళు ఈ బండ్లలోకి మారారు. రోజర్ బాబ్సన్ అనే పేరుమోసిన ఆర్థికవేత్త, ఇరవై ఏళ్ళలో దేశంలో సగంమంది ట్రైలర్లలోనే ఉంటారని జోస్యం చెప్పాడు. జోస్యం ఫలించలేదు లెండి. ఊళ్ళవాళ్ళకి ఈ బండి కాపురాలంటే చులకన. పన్ను కట్టరు, నేడుండి రేపు పోతారు అని, ఊళ్ళో నిలపకూడదంటూ ఎన్నో మునిసిపాలిటీలు నిబంధనలు పెట్టాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక మాత్రం ప్రభుత్వమే వేలకు వేలు ట్రైలర్లు కొని ఫ్యాక్టరీ పనివాళ్ళని అందులో ఉంచింది. అవసరం వస్తే చులకన పోతుంది, చూశారా?

యుద్ధం తర్వాత ఈ బండ్లు రెండు దారులు పట్టాయి. 1954లో పది అడుగుల వెడల్పు బండి వచ్చింది. ఇల్లు విశాలమైంది కాని, దాన్ని కారుతో లాగడం కుదిరేపని కాదు. ఒకసారి తెచ్చి నిలబెడితే ఇక అక్కడే. దానికి ‘మొబైల్ హోమ్’ అని పేరు. రెండోది నిజంగా తిరిగే బండి. ఇరుకే, కాని ఎక్కడికైనా వస్తుంది. “నాకు కావలసింది తిరిగే ఇల్లా, నిలిచే ఇల్లా?” అని కొనేవాళ్ళు ముందు తేల్చుకోవలసి వచ్చింది అప్పుడే.

అదే 1954లో ‘ది లాంగ్, లాంగ్ ట్రైలర్’ అని ఒక హాస్య చిత్రం వచ్చింది. లూసిల్ బాల్ నటించింది. కొత్త పెళ్ళికూతురు పట్టుబట్టి పొడుగాటి ట్రైలర్ కొనిపిస్తుంది. దారి పొడుగునా గుర్తుగా రాళ్ళేరుతుంది, పళ్ళు ఊరబెట్టి సీసాల్లో నింపుతుంది. కొండెక్కాలి, బరువు తగ్గించు అంటాడు మొగుడు. ఆవిడ పారెయ్యకుండా దాచిపెడుతుంది. కొండ దారిలో ఆ రాళ్ళు దొర్లి ప్రాణాల మీదికి తెస్తాయి. జనం పడీ పడీ నవ్వారు గాని, అందులో ఉన్నది నవ్వే విషయం కాదు.

మన పల్లెల్లో ఎద్దుల బండి తోలే మనిషికి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. బరువంతా వెనక్కి వేస్తే నొగలు పైకి లేచి ఎద్దుల మెడలు బిగుసుకుపోతాయి. అంతా ముందుకి వేస్తే కాడి కింద అవి కూలబడతాయి. ట్రైలరూ అంతే. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు లాగే బండి కొక్కెం మీద ఆనాలి. మూడువేల కిలోల ట్రైలరైతే మూడువందల నుంచి నాలుగువందల యాభై కిలోలన్నమాట. తగ్గితే రోడ్డు మీద తోక ఊపుతుంది, బండ్లు బోల్తాపడేది అప్పుడే. ట్రక్కు నడుంలో తగిలించే ‘ఫిఫ్త్ వీల్’ రకం కుదురుగా ఉంటుంది, కాని మరింత బరువు ట్రక్కు మీద మోపుతుంది. విమానాల నిర్మాత గ్లెన్ కర్టిస్ 1928లోనే ఆ పద్ధతిలో ట్రైలర్ చేయించాడు.

అందుకే అనుభవజ్ఞులు ముందు ఇల్లు ఎంచుకో, తర్వాత దానికి తగ్గ ట్రక్కు చూసుకో అంటారు. చాలామంది తిరగేసి చేస్తారు. ఉన్న ట్రక్కుకి ఇల్లు అతికిస్తారు. పైగా అమ్మేవాడు చెప్పేది ఖాళీ బండి బరువు. సామానెక్కాలి, మనుషులెక్కాలి. నీళ్ళ తొట్టిలో నూట యాభై లీటర్లు పోస్తే నూట యాభై కిలోలు పెరిగినట్టే. ఇంత సరంజామాతో లారీల కాటా మీద తూయిస్తే గాని అసలు సంగతి బయటపడదు.

ఇక పాతబండి సంగతి. “పైన పటారం, లోన లొటారం” అన్న సామెత దీనికే పుట్టిందా అనిపిస్తుంది. కొత్త పరదాలు, కొత్త రంగు చూసి మోసపోతారు. చూడవలసింది పైకప్పు అతుకులు, అలమరల మూలలు, కిటికీల కింది చెక్క. వేలితో నొక్కితే మెత్తగా దిగితే నీళ్ళు కారి లోపల కుళ్ళిందని అర్థం. టైర్లు అరగకపోయినా ఎండకి పాడైపోతాయి. తయారైన వారం, సంవత్సరం టైరు పక్కనే అంకెల్లో ఉంటుంది.

మంచి చెక్కా, మంచి టైరూ ఉన్నా కంటికి కనిపించని దోషం ఒకటి ఉండవచ్చు. 2005లో కత్రినా తుఫాను ఇళ్ళు తుడిచిపెట్టాక అమెరికా ప్రభుత్వం లక్షకు పైగా కుటుంబాలకి ట్రైలర్లిచ్చింది. కొన్నాళ్ళకే తలనొప్పులు, ఆయాసాలు, పిల్లలకి దగ్గులు. చెక్క పలకల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తోందని 2008లో ప్రభుత్వ పరీక్షల్లోనే తేలింది. తర్వాత ఆ బండ్లనే, నివాసానికి పనికిరావు అని చీటీ అంటించి, వేలం వేశారు. చీటీ పీకేసి మళ్ళీ అమ్మినవాళ్ళున్నారు! చవకగా వస్తోందని కొని, అందులో పసిపిల్లల్ని పడుకోబెట్టిన తల్లి తప్పేముంది చెప్పండి?

ఇలాంటి సంగతులు ఒకరికొకరు చెప్పుకోవాలనే 1978లో కే పీటర్సన్ అనే నర్సు, భర్త జోతో కలిసి ‘ఎస్కేపీస్’ సంఘం పెట్టింది. వాళ్ళూ ట్రైలర్లోనే కాపురం చేసినవాళ్ళు. ఇల్లు లేనివాళ్ళకి ఉత్తరాలెక్కడికి వస్తాయి? ఓటెక్కడ? టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో సభ్యులకి ఒక చిరునామా, ఉత్తరాలు పంపే ఏర్పాటు చేశారు. వయసు మళ్ళి, జబ్బుపడి బండి తోలలేనివాళ్ళు తమ బండిలోనే ఉండి సాయం పొందే చోటు కూడా అక్కడే ఏర్పడింది. ఎంత ముందుచూపో చూడండి. బయల్దేరడం గురించి అందరూ ఆలోచిస్తారు, ఆగిపోవలసిన రోజు గురించి ఆలోచించింది వీళ్ళు.

2008 ఆర్థిక పతనం తర్వాత ఇళ్ళు పోగొట్టుకున్న వృద్ధులు, ఒంటరి ఆడవాళ్ళు మళ్ళీ ఈ దారి పట్టారు. వాళ్ళ గురించి జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన ‘నోమాడ్‌లాండ్’ పుస్తకం సినిమాగా వచ్చి 2021లో ఆస్కార్ అందుకుంది. సరదాకి రోడ్డెక్కేవాళ్ళు వేరు, గతిలేక ఎక్కేవాళ్ళు వేరు. మొదటివారు తప్పు బండి కొంటే ప్రయాణం చెడుతుంది. రెండోవారు కొంటే ఉన్న చివరి గూడూ పోతుంది.

కాబట్టి సోదరీమణులారా, ఇల్లు కదిలేదైనా నిలిచేదైనా అడగవలసిన ప్రశ్నలు అవే. దీని బరువు మనం మొయ్యగలమా? పైమెరుగు కింద ఏముంది? కాళ్ళూ చేతులూ ఆడని రోజున ఇక్కడ మనకి దిక్కెవరు? మేరియన్ వంటిల్లు అడిగింది. ఆవిడ కంటే మనం ఇంకొంచెం ఎక్కువ అడిగినా తప్పులేదు.

సెలవు.